తప్పు జరిగాక మొదటి పది నిమిషాలు: పిల్లలకు మనస్సాక్షి మాట వినడం నేర్పే పద్ధతి

మూడో తరగతి పిల్లాడి బ్యాగు సర్దుతుంటే అడుగున, లంచ్ బాక్సు కింద, వాడిది కాని మెండర్ ఒకటి కనపడింది. ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేదే. ఆ మెండర్ పైన పెన్సిళ్ళ పౌచ్‌లో లేదు, బ్యాగు అడుగున ఉంది. ఈ సంగతి గమనించండి. దాచాడంటే వాడి లోపల ఏదో 'ఇది నీది కాదు' అని అప్పటికే అనేసింది. మనస్సాక్షి లేనివాడికి దాచాల్సిన పనే లేదు. ఇప్పుడు పెద్దవాళ్ళు గట్టిగా అరిస్తే పిల్లాడికి ఆ అరుపొక్కటే వినిపిస్తుంది, లోపలి మాట మునిగిపోతుంది. అందుకే ముందు ఈ పది నిమిషాల సంగతి చూద్దాం. రోజువారీ సాధన, వయసుల తేడాలు ఆ తర్వాత.

ఆ పది నిమిషాలు

మొదట, అడగకూడని ప్రశ్న ఒకటుంది: "ఇది నువ్వే తీశావా?" జవాబు మీకు తెలుసు, మీకు తెలుసని వాడికీ తెలుసు. ఒప్పుకుంటే దెబ్బలు, బొంకితే తప్పించుకునే అవకాశం. ఎక్కువమంది పిల్లలు బొంకుతారు. దాంతో మెండర్ గొడవ పక్కకు పోయి అబద్ధం గొడవ మొదలవుతుంది. ఒక తప్పు రెండవుతుంది, రెండోదానికి దారి వేసింది మన ప్రశ్నే. ప్రశ్న మానేసి చూసింది చెప్పండి: "ఈ మెండర్ మనది కాదు నాన్నా. నీ బ్యాగులో ఉంది. ఎవరిదో చెప్పు, ఎలా తిరిగివ్వాలో చూద్దాం."

బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లల దగ్గర ఈ మాట ఎత్తకండి. ముందు ఏదైనా తిననివ్వండి, ఇరవై నిమిషాలు ఆలస్యమైతే కొంపేం మునగదు. హాల్లో టీవీ ముందు, తాతయ్యా నాన్నమ్మా చెల్లెలూ చూస్తుండగా వద్దు. గదిలోనో బాల్కనీలోనో ఇద్దరే ఉండాలి. నిలబడి పైనుంచి మాట్లాడకుండా వాడి కళ్ళకు సమానంగా కూర్చోండి.

చెప్పాల్సింది చెప్పాక ఆగిపోండి. మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి. చెప్పినంత తేలిక కాదిది, మనలో చాలామంది నాలుగు దాటకుండానే "ఏంటి మాట్లాడవు?" అని మొదలుపెడతాం. ఆ మౌనం కోపంగా చూస్తూ బిగదీసుకున్న మౌనం కాకూడదు. చేతిలో ఏదైనా పని, చిక్కుడుకాయలు వలవడం లాంటిది, ఉంటే ఇద్దరికీ తేలిక.

తర్వాత ఒంటి గురించి అడగండి: "తీసేటప్పుడు లోపల ఎలా అనిపించింది? ఎక్కడ తెలిసింది, కడుపులోనా, గొంతులోనా, గుండెలోనా?" ఆరేడేళ్ళ పిల్లలకు 'అపరాధ భావం' అర్థం కాదు గానీ 'కడుపులో తిప్పినట్టయింది', 'చెవులు వేడెక్కాయి', 'గుండె దడదడలాడింది' అని చెప్పగలరు. ఏం చెప్పాలో మీరు అందించకండి. వాళ్ళు ఏ మాట వాడితే అదే ఇకమీదట మీ ఇంటి మాట. నెల తర్వాత ఇంకో సందర్భంలో "ఆ రోజు కడుపులో తిప్పిందన్నావే, ఇప్పుడూ అలాగే ఉందా?" అంటే చాలు, మిగతా ఉపన్యాసం అక్కర్లేదు.

ఆ పైన అవతలివాళ్ళ గురించి ఒకే ఒక్క వాక్యం: "రేపు డ్రాయింగ్ పీరియడ్‌లో మెండర్ లేక వాడు ఏం చేస్తాడు?" పిల్లల నైతిక ఎదుగుదల మీద దశాబ్దాలు పనిచేసిన మార్టిన్ హాఫ్‌మన్ గట్టిగా చెప్పింది ఇదే. తన పని వల్ల ఎదుటివాడికి ఏమైందో చూపించిన పిల్లల్లో లోపలి అదుపు బాగా పెరుగుతుంది. కొట్టి లొంగదీసినా, "ఫో, నీతో మాట్లాడను" అని ప్రేమను వెనక్కి తీసుకున్నా అంతగా పెరగదు. అయితే ఒక్క వాక్యమే. పది వాక్యాలు చెబితే పిల్లాడు మెండర్ పోయినవాణ్ణి మర్చిపోయి, మీ ఉపన్యాసం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తాడు.

చివరిది దిద్దుకోవడం. ఇందులో మూడు పనులున్నాయి: వస్తువు తిరిగివ్వడం, నోటితో చెప్పడం, నష్టం పూడ్చడం. మర్నాడు బడిలోనే జరగాలి, వారం దాటితే పిల్లలకు తప్పుకూ దిద్దుబాటుకూ ముడి తెగిపోతుంది. చెప్పే మాట ఇంట్లో రెండుసార్లు పలికించండి: "నీ మెండర్ నేను తీశాను. ఇదిగో. సారీ." అంతే. 'ఎందుకంటే' అని కారణాలు వద్దు. మెండర్ విరిగిపోయి ఉంటే కొత్తది కొనివ్వాలి, అందులో కొంతైనా వాడి కిడ్డీ బ్యాంకు డబ్బు ఉండాలి. మీరు పక్కనే ఉండొచ్చు, కానీ నాలుగడుగుల దూరంలో, మాట్లాడకుండా. అమ్మ గుట్టుగా తీసుకెళ్ళి టీచర్ చేతిలో పెట్టేస్తే పిల్లాడికి ఏమీ మిగలదు. టీచర్‌తో మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి, క్లాసులో అందరి ముందు నిలబెట్టొద్దని. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం కూడా.

తిరిగిచ్చిన రోజు సాయంత్రంతో విషయం ముగిసిపోవాలి. మన ఇళ్ళలో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఆదివారం మేనత్త వస్తుంది, "వీడు చేసిన ఘనకార్యం విన్నావా వదినా" అని మొదలవుతుంది. అందరూ నవ్వుతారు. 'మెండర్ దొంగ' అని ముద్దు పేరు పుడుతుంది. నిజం ఒప్పుకుంటే అది పదేళ్ళపాటు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో తిరుగుతుందని ఆ పిల్లాడికి అర్థమవుతుంది. ఇక మళ్ళీ ఒప్పుకోడు.

నిజం చెబితే కొట్టనన్నారు కదా

ఇంతకంటే పెద్ద పొరపాటు ఒకటే ఉంది. "నిజం చెప్పు, ఏమీ అనను" అని మాటిచ్చి, చెప్పాక ఒకటి వెయ్యడం. ఒక్కసారి చేస్తే చాలు, ఆ తలుపు ఏళ్ళ తరబడి మూసుకుంటుంది. నిలబెట్టుకోలేనంటే ఆ మాట ఇవ్వకండి. "నిజం చెబితే తిట్లు ఉండవు, కానీ చెడగొట్టింది నువ్వే సరిచెయ్యాలి" అనడం నిజాయితీగా ఉంటుంది, మీకూ నిలబెట్టుకోవడం తేలిక.

అటు మొగ్గి, నిజం చెప్పిన ప్రతిసారీ చాక్లెట్టో పది రూపాయలో ఇవ్వడమూ వద్దు. అది బేరం అయిపోతుంది. తప్పు చేసి, ఒప్పుకుని, బహుమతి పట్టుకుపోయే తెలివైన పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

బయటి కళ్ళు, లోపలి మాట

"అబద్ధమాడితే కళ్ళు పోతాయి." "పోలీసులకు పట్టిస్తా." "నలుగురూ ఏమనుకుంటారు?" "పరువు తీశావు కదరా." ఇప్పుడు వీటికి తోడు "అక్కడ సీసీ కెమెరా ఉంది" కూడా చేరింది. అన్నిటిదీ ఒకటే దారి: ఎవరో చూస్తున్నారు కాబట్టి చెయ్యకు. పిల్లలు మనకంటే జాగ్రత్తగా లెక్క చూసుకుంటారు. మూడు రోజులైనా కళ్ళు పోలేదు, పోలీసు రాలేదు, కెమెరా పనిచెయ్యడం లేదు. అంటే ఫరవాలేదన్నమాట. దేవుడి మీద భక్తి ఉన్న ఇంట్లో ఆ భక్తిని వదులుకోనక్కర్లేదు. శిక్షించే దేవుడి బదులు "ఇది చెప్పుకోవడానికి ధైర్యం ఇవ్వమని అడుగు" అంటే అదే దేవుడు పిల్లాడి పక్షాన నిలబడతాడు.

తిట్టే తీరులో కూడా తేడా ఉంది. 'నేను చేసిన పని తప్పు' అనుకున్న పిల్లవాడు దాన్ని సరిచెయ్యడానికి చూస్తాడు. 'నేనే చెడ్డవాణ్ణి' అనుకున్నవాడు మొహం దాచుకుంటాడు, లేదా ఎదురు తిరుగుతాడు. మనస్తత్వవేత్త జూన్ టాంగ్నీ పరిశోధనల్లో కనపడే తేడా ఇదే. కాబట్టి "దొంగ వెధవా" అనే బదులు "నువ్వు అడగకుండా తీశావు" అనండి. "నీకసలు సిగ్గుందా" అనే బదులు "ఇప్పుడేం చేస్తే సరవుతుంది?" అనండి.

ఏ వయసుకు ఎంత

మూడేళ్ళలోపు పిల్లలు 'వద్దు' అన్నదాన్ని మీ మొహం చూసి గుర్తుపడతారు, మీరు గదిలో లేకపోతే మర్చిపోతారు. అది మొండితనం కాదు. ఈ వయసులో పగిలింది ఏరడంలో, ఒలికింది తుడవడంలో వాళ్ళ చెయ్యి కూడా పడేలా చూడటం తప్ప వేరే పాఠం లేదు.

నాలుగు నుంచి ఆరేడేళ్ళ దాకా పిల్లలు తప్పును నష్టంతో కొలుస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే 1932లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకు ఇద్దరి కథ చెప్పాడు. ఒకడు భోజనానికి పిలిస్తే వెళ్తూ తలుపు తోశాడు, వెనక ట్రే ఉందని తెలియక పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు అల్మరాలోని జామ్ కోసం కుర్చీ ఎక్కి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది ఎక్కువ తప్పు? చిన్నపిల్లలు పదిహేను కప్పులవాడినే చూపించారు. మన ఇళ్ళలోనూ పొరపాటున టీవీ పడేసిన పిల్లకు దెబ్బలు, తమ్ముణ్ణి కావాలని గిల్లినదానికి "పోనీలే". పెద్దవాళ్ళం కూడా కప్పులే లెక్కపెడుతున్నాం. ఈ వయసులో ప్రతిసారీ ముందు తేల్చాల్సింది ఒకటే: కావాలని చేసిందా, చెయ్యి జారిందా? జారితే తుడిపించి వదిలెయ్యండి.

చట్టం కూడా వయసు చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళలోపు పిల్లలు చేసింది ఏదీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే, తన పని ఏమిటో దాని ఫలితమేమిటో తెలిసే పరిణతి ఉందా లేదా అన్నది 21వ సెక్షన్ చూడమంటుంది. నాలుగేళ్ళ పిల్లను 'దొంగ' అనే ముందు ఇది గుర్తుకు తెచ్చుకుంటే మంచిది.

తొమ్మిది దాటాక స్నేహితుల ఒత్తిడి మొదలవుతుంది. 'అందరూ చేస్తున్నారు' అన్న మాట వినపడితే ఆ వయసు వచ్చిందన్నమాటే.

రోజువారీ సాధన

ఆగలేని పిల్లలకు లోపలి మాట వినపడదు, వినే లోపే పని అయిపోతుంది. అందుకే ముందు ఆగడం నేర్పాలి. దీనికి 'స్టాచ్యూ' ఆటను మించింది లేదు. పరుగెడుతున్నప్పుడు "స్టాచ్యూ!" అనండి, పది లెక్కపెట్టండి, "ఇప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోంది? చేతులు వేడిగా ఉన్నాయా?" అని అడిగి వదలండి. వారానికి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. ఒంట్లో జరిగేది గమనించడం ఆటగా అలవాటైతే, తప్పు దగ్గర కూడా అది అక్కరకొస్తుంది.

కథల ఎంపికలో ఒక మెలిక ఉంది. 2014లో కెనడాలో మూడు నుంచి ఏడేళ్ళ పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. బొమ్మను తొంగిచూడొద్దని చెప్పి పెద్దవాళ్ళు గదిలోంచి బయటికి వెళ్ళారు. తిరిగొచ్చి ఒక కథ చదివి, 'చూశావా?' అని అడిగారు. మనం 'నాన్నా పులి' అని చెప్పుకునే కథ గానీ, అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే కొయ్యబొమ్మ కథ గానీ పిల్లల చేత నిజం చెప్పించలేదు. చెట్టు నరికానని ఒప్పుకుంటే తండ్రి మెచ్చుకున్న జార్జి వాషింగ్టన్ కథ విన్నవాళ్ళు మాత్రం ఎక్కువగా ఒప్పుకున్నారు. (ఆ చెట్టు కథ కల్పితం, నిజం చెప్పమని నేర్పేది అబద్ధపు కథ కావడం దాని ఖర్మ.) పులి కథ మానెయ్యనక్కర్లేదు, కానీ దానితో ఆపకండి. గాంధీ పదిహేనేళ్ళప్పుడు అప్పు తీర్చడానికి అన్న కడియంలోంచి కొంచెం బంగారం తీశాడు. తట్టుకోలేక మొత్తం చీటీ మీద రాసి మంచంలో ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి చదివి కన్నీళ్ళు పెట్టుకుని చీటీ చించేశాడు, తిట్టలేదు. ఇది చెప్పి "నోటితో చెప్పలేక రాసిచ్చాడు చూడు" అనండి. నోరు పెగలని పిల్లలకు చీటీ దారి కూడా ఒకటుందని తెలుస్తుంది. కొన్ని ఇళ్ళలో ఇందుకోసమే ఫ్రిజ్ మీద ఒక డబ్బా పెడతారు. బాగానే పనిచేస్తుంది.

వారానికి రెండుసార్లు అన్నాల దగ్గర ఒక చిక్కు ముందు పెట్టండి. కిరాణా కొట్టు ఆయన పది రూపాయలు ఎక్కువిచ్చాడు, సగం దారి వచ్చాక చూసుకున్నావు. స్లిప్ టెస్టులో టీచర్ పొరపాటున రెండు మార్కులు ఎక్కువేసింది. స్నేహితురాలు చిట్టీ పెట్టడం నువ్వొక్కదానివే చూశావు. వినాయక చవితి చందా డబ్బులో యాభై మిగిలింది, ఎవరూ లెక్క అడగలేదు. పిల్లలు మాట్లాడాక చివర్లో మీరు మాట్లాడాలి, తీర్పు చెప్పకూడదు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను ఒక్కటి అడగండి: "ఇది ఎప్పటికీ ఎవరికీ తెలియదనుకో. అప్పుడూ లోపల అలాగే ఉంటుందా?" ఉంటుందంటే అది మనస్సాక్షి. పోతుందంటే అది దొరికిపోతానన్న భయం. రెండూ ఒంట్లో ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ తేడా పిల్లలకు ఎవరో ఒకరు చూపించాల్సిందే.

ఇంట్లో పిల్లలు వినేవి

రైల్లో ఐదేళ్ళు దాటిన పిల్లలకు టికెట్ కొనాలి. "టీసీ అడిగితే నాలుగేళ్ళని చెప్పు" అని ఆరేళ్ళ పిల్లకు నేర్పితే మిగిలేది సగం టికెట్ డబ్బు. "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అన్నది ఇంకోటి. అన్నిటికంటే గట్టిది లీవ్ లెటర్: పిన్ని పెళ్ళికి వెళ్తూ 'జ్వరం వచ్చినందున' అని పిల్ల చేత్తోనే రాయించి, కింద మనం సంతకం పెడతాం. 'పెళ్ళికి వెళ్తున్నాం' అని రాస్తే ఏమవుతుంది? మహా అయితే టీచర్ ఒక మాట అంటుంది. ఆ మాట మీరు పడండి. ప్రాజెక్టు వర్కు చార్టు అంతా అమ్మ గీసి పిల్ల పేరు రాయడం కూడా ఈ ఖాతాలోదే, వంకర గీతలతో పిల్ల చేసిందే పంపండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

*అడగ్గానే సారీ, గంటలో మళ్ళీ అదే పని.* సారీ ఆ పిల్లలకు గేటు దాటే రుసుము అయిపోయింది. కొన్నాళ్ళు ఆ మాట అడగడం మానేసి, దిద్దే పని మాత్రమే చేయించండి. నోటి సారీ పని తర్వాత రావాలి.

*"నాకేమీ అనిపించలేదు."* బలవంతం చెయ్యకండి, బలవంతంతో వచ్చేది నటన. "సరే, రాత్రి అనిపిస్తే చెప్పు" అని వదలండి. దీపం ఆర్పాక చీకట్లో మొహం కనపడనప్పుడు పిల్లలు చాలా చెబుతారు. అనిపించినా అనిపించకపోయినా దిద్దుబాటు మాత్రం తప్పదు.

*మీరొకటి, నాన్నమ్మ ఒకటి.* "చిన్నపిల్లాడు, పోనీలెద్దురూ" అని ఆవిడ దాచేస్తుంది. పిల్లాడి ముందు వాదన వద్దు. విడిగా ఆవిడకే ఒక పని అప్పజెప్పండి: తిరిగివ్వడానికి వెళ్ళేటప్పుడు తోడు ఆవిడే. కాపాడాలన్న ప్రేమకూ ఒక దారి దొరుకుతుంది.

*అతిగా నలిగిపోయే పిల్లలు.* ప్రతి చిన్నదానికీ "నేను తప్పు చేశానా?" అని పదేపదే అడగడం, జరగనివి కూడా ఒప్పుకోవడం, చెడు ఆలోచన వచ్చిందని మళ్ళీమళ్ళీ దణ్ణాలు పెట్టడం, చేతులు కడగడం వారాల తరబడి సాగితే అది మంచి మనస్సాక్షి కాదు, మనసుకు సంబంధించిన జబ్బు కావచ్చు. అడిగిన ప్రతిసారీ "లేదమ్మా, నువ్వు మంచిదానివే" అని ఊరడిస్తూ పోతే అడగడం ఇంకా పెరుగుతుంది. పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దవాళ్ళకు కాదనడం

చెప్పిన మాట వినే పిల్లలందరికీ మనస్సాక్షి మాట వినడం వచ్చినట్టు కాదు. పెద్దవాళ్ళు ఏం చెప్పినా చెయ్యాలని పెంచిన పిల్ల, తప్పు పని చెప్పిన పెద్దమనిషికి కూడా తలూపుతుంది. అందుకని చిన్న చిన్న చోట్ల కాదనే హక్కు ఇంట్లోనే ఇవ్వండి. చుట్టాలాయన ముద్దివ్వమంటే ఇష్టం లేకపోతే పిల్ల నమస్కారంతో సరిపెట్టవచ్చు, "పెద్దాయన అడిగితే ఇవ్వవేం?" అని తొయ్యకండి. పుట్టినరోజు కానుకలా కొద్ది రోజుల్లో అందరికీ తెలిసిపోయేది దాచొచ్చు. "అమ్మకు చెప్పకు" అని ఎవరైనా పెద్దవాళ్ళు అంటే, చెప్పాల్సిందే. కడుపులో తిప్పితే అక్కణ్ణుంచి వచ్చెయ్యాలి. మర్యాద సంగతి తర్వాత. ఇంకొకటి విడిగా, స్పష్టంగా చెప్పి తీరాలి: పెద్దవాళ్ళు నీతో తప్పుగా ప్రవర్తిస్తే ఆ తప్పు నీది కాదు, లోపల ఎంత చెడ్డగా అనిపించినా సరే. అలాంటిది తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చెయ్యండి.

ఫోను చేతికొచ్చాక

పదమూడు దాటినవాళ్ళకు చిక్కు వేగం. క్లాస్‌మేట్ ఫొటో మీద వెటకారం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి రెండు క్షణాలు చాలు, ఏడ్చే మొహం కళ్ళముందు ఉండదు. ఇంటి నియమం ఒకటి పెట్టుకోండి: ఇంకొకరి ఫొటో, స్క్రీన్‌షాట్, గొంతు ఏదైనా పంపే ముందు పది నిమిషాలు ఫోను పక్కన పెట్టాలి. పంపేశాక బాధపడితే డిలీట్ చెయ్యడంతో అయిపోదు. ఎవరి గురించి పంపారో వాళ్ళకు స్వయంగా చెప్పాలి, గ్రూపులోనూ 'నేను పెట్టింది తప్పు, ఎవరూ పంపొద్దు' అని రాయాలి. ఈ వయసులో మీరు అడగాల్సింది తక్కువ. కారులోనో బండి మీదో పక్కపక్కన వెళ్తున్నప్పుడు, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేనప్పుడు, ఎక్కువ వినొచ్చు.

ఇవన్నీ కొన్నాళ్ళు సాగాక ఒక రోజు ఇలా జరుగుతుంది. పక్కింటావిడ వెళ్ళాక, లేదా ఆవిడ ఉండగానే, "అమ్మా, ఇందాక ఆంటీకి అబద్ధం చెప్పావు కదా" అంటుంది మీ అమ్మాయి. "పెద్దవాళ్ళ మాటల్లో నీకేం పని" అన్నారో, ఇన్నాళ్ళ కష్టం పోయినట్టే. ఆవిడ ఇంకా అక్కడే ఉంటే "తర్వాత మాట్లాడుకుందాం" అని ఆ రోజే మాట్లాడండి. ఎందుకలా అన్నారో చెప్పండి, తప్పనిపిస్తే తప్పని ఒప్పుకుని, పిల్ల వింటుండగానే ఆవిడకు ఫోన్ చెయ్యండి.